డెన్వర్ యూదుల టీబీ ధర్మాసుపత్రులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో యూదులు నడిపిన టీబీ శానిటోరియంల సంగతి ఎక్కడ ఎత్తినా చివరికి అవే సందేహాలు వస్తాయి. యూదులనే చేర్చుకునేవారా, నిజంగా పైసా తీసుకోలేదా, మందుల్లేకుండా ఏం వైద్యం చేశారు, ఇప్పుడు అక్కడ ఏముంది... ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు అన్నీ ఒక్కచోట రాసిపెట్టాను. ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు.

ముందుగా ఒక్క ముక్క. డెన్వర్‌లో పెద్దవి రెండు ఉండేవి. 1899లో తెరిచింది నేషనల్ జ్యూయిష్ హాస్పిటల్. 1904లో మొదలైంది జ్యూయిష్ కన్సంప్టివ్స్ రిలీఫ్ సొసైటీ, పొడి అక్షరాల్లో జేసీఆర్‌ఎస్. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడతారు. ఆ రోజుల్లో ఆ మాట విని ఉంటే రెండువైపుల వాళ్లూ మండిపడేవారు.

## ఆసుపత్రులకు ముందు

టీబీ వస్తే అంతమంది డెన్వర్‌కే ఎందుకు వెళ్లేవారు?

1882లో రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని కనిపెట్టాడు గానీ, దాన్ని చంపే మందు రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. ఈలోగా డాక్టర్ల దగ్గరున్న గట్టి సలహా ఒక్కటే: గాలి మార్పు. డెన్వర్ సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తులో, అంటే సరిగ్గా ఒక మైలు ఎత్తులో ఉంది. పొడి గాలి, దండిగా ఎండ. 1870లో రైలు కూడా వచ్చేసింది. ఇంకేముంది, అమెరికా నలుమూలల నుంచీ దగ్గేవాళ్లంతా రైలెక్కారు. కొలరాడోకి "ప్రపంచ శానిటోరియం" అని పేరు పడింది. ఒక దశలో ఆ రాష్ట్ర జనాభాలో మూడో వంతు మంది టీబీ మూలంగా వచ్చినవాళ్లో, వాళ్ల కుటుంబీకులో అయి ఉంటారని ఒక అంచనా.

డబ్బున్నవాడు వచ్చి హోటల్లో దిగేవాడు. లేనివాడు టికెట్ కొనగా మిగిలిన చిల్లరతో స్టేషన్లో దిగేవాడు. దగ్గు వినగానే బోర్డింగ్ ఇళ్లవాళ్లు గది లేదనేవారు. ఇలాంటివాళ్లను ఊళ్లో "లంగర్లు" అని పిలిచేవారు. ఇది మన పడవ లంగరు కాదు, లంగ్ అంటే ఊపిరితిత్తి, దాన్నుంచి పుట్టిన వెటకారం.

యూదులకే టీబీ ఎక్కువగా వచ్చేదా?

లేదు, కానీ ఆ ముద్ర మాత్రం పడింది. 1880 నుంచి 1924 మధ్య తూర్పు యూరప్ నుంచి 20 లక్షలకు పైగా యూదులు అమెరికా చేరారు. చాలామంది న్యూయార్క్‌లో ఇరుకు గదుల్లో ఉంటూ బట్టలు కుట్టే పనిలో పడ్డారు. కిటికీ లేని గది, బట్టల నూగు, పన్నెండు గంటల పని. అందుకే టీబీకి "దర్జీల జబ్బు" అనే పేరొచ్చింది. విచిత్రం ఏమిటంటే, అదే న్యూయార్క్‌లో టీబీతో చనిపోయే రేటు యూదుల్లో మిగతా చాలా వలస సమూహాల కంటే తక్కువే. అప్పటి డాక్టర్లే లెక్కలు వేసి ఆశ్చర్యపోయారు. లెక్కలు లెక్కలే, పుకారు పుకారే. 1907 వలస చట్టంలో టీబీ ఉన్నవాళ్లను దేశంలోకి రానివ్వకూడదని రాశారు. అందుకే యూదు పెద్దలకు ఇటు జాలి ఎంతో, అటు "మనవాళ్ల వల్ల మనకు చెడ్డపేరు వస్తుంది" అనే టెన్షనూ అంతే.

"కన్సంప్షన్" అంటే టీబీయేనా, వేరే జబ్బా?

టీబీయే. ఒళ్లు రోజురోజుకీ కరిగిపోతుంది కాబట్టి ఇంగ్లీషువాళ్లు ఆ పేరు పెట్టారు. మన "క్షయ"కు అర్థమూ అదే, తరిగిపోవడం. పాత ఆసుపత్రుల పేర్లలో కన్సంప్టివ్స్ అని కనిపిస్తే క్షయ రోగులు అని చదువుకోండి.

## ఎలా పుట్టాయి

మొదట ఈ ఆలోచన ఎవరిది?

ఫ్రాన్సెస్ వైస్‌బార్ట్ జేకబ్స్ అనే ఆవిడది. 1843లో కెంటకీలో పుట్టి, పెళ్లయ్యాక భర్తతో కొలరాడో వచ్చింది. డెన్వర్‌లో 1872లో యూదు మహిళల సహాయ సంఘం పెట్టింది, రెండేళ్లకు మతంతో పనిలేని మరో సంఘం పెట్టింది. 1887లో ఊళ్లోని కొందరు మతాచార్యులతో కలిసి చందాలన్నీ ఒక్కచోట పోగుచేసి పంచే పద్ధతి తెచ్చింది. నేటి యునైటెడ్ వే సంస్థకు మూలం అదేనంటారు. టీబీ రోగులు వీధిలోనే రక్తం కక్కుకుని పడిపోతుంటే జనం పక్కకు తప్పుకుని పోయేవారు. ఈవిడ ఆగి, లేపి, డాక్టర్ని పిలిపించేది. వీళ్లకంటూ ఒక ఆసుపత్రి కావాలని ఏళ్ల తరబడి పోరింది. 1889లో రబ్బీ, అంటే యూదు మతగురువు, విలియం ఫ్రీడ్‌మన్ డెన్వర్ వచ్చి గొంతు కలిపాక పని ముందుకు కదిలింది.

1892 అక్టోబరు 9న పునాదిరాయి వేశారు. నెల తిరక్కుండానే, నవంబరు 3న, ఆవిడ 49 ఏళ్లకే కన్నుమూసింది. కొలరాడో శాసనసభ భవనం గోపురంలో రాష్ట్ర నిర్మాతలు 16 మంది బొమ్మలు రంగుటద్దాల మీద ఉన్నాయి. అందులో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి ఈవిడ.

కట్టిన ఆసుపత్రి ఆరేళ్లు తాళం వేసి ఉంచారంటారు, నిజమేనా?

నిజమే. భవనం 1893కల్లా పూర్తయింది. సరిగ్గా ఆ ఏడాదే వెండి ధర కుప్పకూలింది. కొలరాడో బతుకే వెండి గనుల మీద. జులైలో డెన్వర్ బ్యాంకులు వరసపెట్టి మూతపడ్డాయి. చందా ఇస్తామని మాటిచ్చినవాళ్లే దివాళా తీశారు. నడపడానికి డబ్బు లేక, కట్టిన భవనం కట్టినట్టే ఉండిపోయింది. చివరికి బ్నాయ్ బ్రిత్ అనే దేశవ్యాప్త యూదు సంఘం భారం తీసుకుంటే 1899 డిసెంబరు 10న తలుపులు తెరిచారు. స్థానికంగా పుట్టిన ఆసుపత్రి పేరులో "నేషనల్" అని చేరింది ఇందుకే. అమెరికా అంతటి నుంచీ రోగులు వస్తున్నప్పుడు ఖర్చు డెన్వర్ ఒక్కటే ఎందుకు మోయాలన్నది వాళ్ల వాదన. న్యాయమైన వాదనే.

ఒకటి ఉండగా అయిదేళ్లకే ఇంకో యూదు శానిటోరియం ఎందుకు?

అసలు కథంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

నేషనల్ జ్యూయిష్‌ను నడిపినవాళ్లు జర్మనీ మూలాలున్న యూదులు. అమెరికాలో స్థిరపడి, వ్యాపారాల్లో కుదురుకుని, సంస్కరణవాద మతాన్ని పాటించేవాళ్లు. వాళ్ల లెక్క ఇది: పడకలు 60, వచ్చేవాళ్లు వేలు. కాబట్టి జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లనే తీసుకుందాం, ఆరు నెలలుంచి బాగుచేసి పంపుదాం. అలా అయితే అదే డబ్బుతో ఎక్కువమంది బతుకుతారు. పైగా బయటికెళ్లాక ఊరికి భారం కాకుండా బతకగలడన్న భరోసా కూడా రోగి చూపించాలి.

వచ్చేవాళ్లేమో రష్యా, పోలండ్, రుమేనియా వైపు నుంచి వచ్చిన పేద యూదులు. చేతిపనివాళ్లు. పని మానితే ఇల్లు గడవదు కాబట్టి దగ్గును దాచుకుని, ఇక నిలబడలేననుకున్నాకే డెన్వర్ రైలెక్కేవారు. గేటు దగ్గరికి వచ్చేసరికి జబ్బు ముదిరిపోయి ఉండేది. "నీది ముదిరింది, తీసుకోలేం" అంటే ఆ మనిషి ఎక్కడికి పోవాలి? వెనక్కి టికెట్ కూడా ఉండేది కాదు.

అలాంటివాళ్లే 1903లో ఒకచోట కూడారు. దర్జీ, రేకుపనివాడు, ఫోటోగ్రాఫర్, ఇళ్లకు రంగులేసేవాడు... దాదాపు ఇరవై మంది, అందులో కొందరు స్వయంగా టీబీ రోగులు. ముదిరినా ముదరకపోయినా అందరినీ తీసుకునే చోటు కావాలనుకున్నారు. అది 1904లో జేసీఆర్‌ఎస్ అయింది. రబ్బీ ఫ్రీడ్‌మన్ వైపువాళ్లకు ఇది అనవసరమైన పోటీ, చందాలకు గండి. ఇటువైపు వాళ్లకు ఆ పెద్దాసుపత్రి దర్జా ఉండి దయ లేని చోటు. ఏళ్ల తరబడి పత్రికల్లో, సభల్లో తిట్టుకున్నారు.

ఎవరిది తప్పని అడిగితే నేను పూర్తిగా ఎవరి పక్షానా నిలబడలేను. ఉన్న పడకలను బతికే అవకాశం ఉన్నవాళ్లకివ్వడం ఇప్పటికీ డాక్టర్లు చేసే పనే. కానీ మనసు మాత్రం ఆ రేకుపనివాడి వైపే పోతుంది.

ఒక డాలరు పది సెంట్లతో మొదలుపెట్టారట, అతిశయోక్తి కాదా?

కాదు. జేసీఆర్‌ఎస్ వ్యవస్థాపకుల మొదటి సమావేశంలో పోగైంది అక్షరాలా 1.10 డాలర్లు. 1904 సెప్టెంబరులో డెన్వర్‌కు పడమరన, వెస్ట్ కోల్‌ఫాక్స్ రోడ్డు మీద, డేరాలు వేసి ఏడుగురు రోగులతో ప్రారంభించారు. తర్వాత అది నూరెకరాలు దాటింది. సొంత పాడి, కోళ్లు, అచ్చుయంత్రం, గ్రంథాలయం, ప్రార్థనా మందిరం, చివరికి సొంత పోస్టాఫీసు కూడా వచ్చాయి.

డాక్టర్ స్పివాక్ అని ప్రతిచోటా కనిపిస్తుంది, ఎవరాయన?

చార్లెస్ స్పివాక్. 1904 నుంచి 1927లో చనిపోయేదాకా జేసీఆర్‌ఎస్ కార్యదర్శి, అంటే నడిపించిన మనిషి. 1861లో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని క్రెమెన్‌చుక్‌లో పుట్టాడు. 1882లో అమెరికా వచ్చి, ఫిలడెల్ఫియాలో చదివి 1890లో డాక్టరయ్యాడు. భార్య ఆరోగ్యం కోసం 1896లో డెన్వర్ మారాడు. అంటే ఈయన్ని కూడా డెన్వర్‌కు తెచ్చింది గాలి మార్పే.

వైద్యంతో ఆగే మనిషి కాదు. యెహోఆష్ అనే కవితో కలిసి, తూర్పు యూరప్ యూదులు మాట్లాడే యిద్దిష్ భాషలోని హీబ్రూ, అరమాయిక్ మాటలకు నిఘంటువు తయారుచేశాడు. ఆ యెహోఆష్ కూడా టీబీతో డెన్వర్ వచ్చినవాడే, జేసీఆర్‌ఎస్ స్థాపకుల్లో ఒకడు. స్పివాక్ వీలునామా చదివితే మనిషి అర్థమవుతాడు. తన శవాన్ని దగ్గర్లోని వైద్య కళాశాలకు ఇవ్వాలి. యూదు విద్యార్థులు, యూదులు కాని విద్యార్థులు సమాన సంఖ్యలో కూర్చుని దాన్ని కోసి చదువుకోవాలి. తర్వాత ఎముకలన్నీ కూర్చి అస్థిపంజరాన్ని జెరూసలెం విశ్వవిద్యాలయానికి పంపాలి. శవాన్ని కోయడం మత సంప్రదాయం ఒప్పని సమాజంలో 1927 నాటి మాట ఇది.

## చేరడం, డబ్బు

చేరాలంటే యూదులై ఉండాలా?

అక్కర్లేదు. రెండు చోట్లా మతం చూడకూడదన్నది మొదటి నుంచీ నియమం. నేషనల్ జ్యూయిష్‌లో చేరిన మొట్టమొదటి రోగి మిన్నెసోటా నుంచి వచ్చిన స్వీడన్ జాతి యువతి, యూదు కాదు. జేసీఆర్‌ఎస్‌లో ఎక్కువమంది తూర్పు యూరప్ యూదులే గానీ, ఇతరులకూ పడకలు ఇచ్చారు.

నిజంగా పైసా తీసుకునేవారు కాదా?

తీసుకునేవారు కాదు. నేషనల్ జ్యూయిష్ నినాదమే అది: "డబ్బు ఇవ్వగలవాళ్లకు ప్రవేశం లేదు, ప్రవేశించినవాళ్లు డబ్బు ఇవ్వడానికి లేదు." ఇంగ్లీషులో ఆ వాక్యం అటు తిప్పి ఇటు తిప్పి అంత్యప్రాస పద్యంలా ఉంటుంది. మొదటి సగం కూడా గమనించండి. డబ్బున్నవాళ్లు ఎంత ఇస్తామన్నా చేర్చుకోరు. డబ్బిచ్చేవాడికి ఒక వార్డు, ఇవ్వనివాడికి ఒక వార్డు అని మొదలైతే ధర్మాసుపత్రి ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. జేసీఆర్‌ఎస్‌లోనూ వైద్యం, తిండి, పడక అన్నీ ఉచితమే.

మరి అంత ఖర్చు ఎవరు భరించారు?

నేషనల్ జ్యూయిష్‌కు బ్నాయ్ బ్రిత్ సంఘం, పెద్ద వ్యాపారుల విరాళాలు వెన్నెముక. జేసీఆర్‌ఎస్‌ది చిల్లర డబ్బు కథ. న్యూయార్క్, షికాగో, టెక్సాస్, ఎక్కడ యూదు పేటలుంటే అక్కడ సహాయ సంఘాలు, అందులోనూ ఆడవాళ్ల సంఘాలు. వాళ్లు టీ పార్టీలు పెట్టి, టికెట్లు అమ్మి, ఇంటింటికీ తిరిగి అయిదు సెంట్లు పది సెంట్లు పోగుచేసి పంపేవారు. యిద్దిష్ పత్రికలు విజ్ఞప్తులు అచ్చేసేవి. ఇచ్చేవాడూ కార్మికుడే, రేపు తనకే ఆ పడక అవసరం పడొచ్చు. దీన్ని దానం అనే కంటే చీటీ కట్టడం అంటే బాగుంటుందేమో.

చావుకు దగ్గరపడ్డవాళ్లను కూడా జేసీఆర్‌ఎస్ చేర్చుకుందా?

చేర్చుకుంది. వాళ్ల ముద్రలో ఉన్న మాట యూదుల ధర్మశాస్త్రమైన తల్మూద్‌లోది: ఒక్క ప్రాణాన్ని కాపాడినవాడు లోకాన్నంతా కాపాడినట్టే. ఆ మాటను అక్షరాలా తీసుకున్నారు. దీనికి మూల్యం కూడా చెల్లించారు. ముదిరినవాళ్లను తీసుకుంటే చావులు ఎక్కువ, చావులెక్కువైతే నివేదికలో అంకెలు చెడ్డగా కనిపిస్తాయి, అంకెలు చెడితే పెద్ద దాతలు వెనకాడతారు. తొలిదశ రోగులనే తీసుకునే ఆసుపత్రితో పోల్చి "మీ దగ్గర నయమయ్యేది తక్కువ" అన్నవాళ్లు లేకపోలేదు. రెండు వార్డులూ ఒకటి కానప్పుడు ఆ పోలికే తప్పు.

## లోపల రోజులు

మందులు లేని కాలంలో ఏం వైద్యం చేసేవారు?

మూడు మాటల్లో: పడక, గాలి, తిండి. నెలల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు. చలికాలంలో కూడా వరండాల్లో, తెరిచిన కిటికీల దగ్గర నిద్ర. పాలు, గుడ్లు మొహం మొత్తేదాకా పెట్టేవారు, పచ్చి గుడ్లు సహా. బరువు పెరిగితే పండగే. తర్వాతి దశాబ్దాల్లో జబ్బున్న ఊపిరితిత్తి చుట్టూ సూదితో గాలి ఎక్కించి, దాన్ని ముడిచిపెట్టి విశ్రాంతినిచ్చే పద్ధతి వచ్చింది. ఇంకా కష్టమైన కేసుల్లో పక్కటెముకలు తీసేసేవారు.

దీనివల్ల నయమైందా? కొందరికి అయింది. మంచి తిండి, విశ్రాంతి దొరికితే ఒంటికే పోరాడే బలం వస్తుంది. ఎత్తు ప్రదేశానికి విడిగా మహిమ ఏమీ లేదు. చికిత్స లేకపోతే టీబీ సుమారు సగం మందిని చంపేది. ఆ మిగతా సగంలో శానిటోరియం వాటా ఎంతో విడదీయడం కష్టం.

ఉమ్మి విషయంలో అంత కట్టుబాటు ఎందుకు?

అంటుకునేది దగ్గు తుంపర్ల వల్లనని ఇప్పుడు స్పష్టంగా తెలుసు. అప్పటి డాక్టర్ల భయమంతా ఎండిన కఫం దుమ్ముగా లేస్తుందని. అందుకే శానిటోరియంలలో నేల మీద ఉమ్మడం మహాపరాధం. మంచం పక్కన మూతున్న అట్ట కప్పు, నిండగానే కాల్చేసేవారు. నడిచే రోగులకు జేబులో పట్టే సీసా. యూరప్‌లో 1889 నుంచి వాడిన నీలం గాజు సీసా ఒకటి ప్రసిద్ధి. నీలం ఎందుకంటే లోపలున్నది పక్కవాడికి కనబడకుండా. జర్మన్ రోగులు దానికి "నీలం హెన్రీ" అని ముద్దుపేరు పెట్టుకున్నారు. రోజూ జేబులో పెట్టుకు తిరిగే వస్తువు, భయపడుతూ కూర్చుంటే ఎలా?

గుడ్డ డేరాల్లో ఆ చలికి ఎలా ఉన్నారు?

జేసీఆర్‌ఎస్ మొదటి డేరాలు మన పెళ్లి పందిళ్ల లాంటివి కావు. చెక్క నేల, చెక్క చట్రం, పైన మందపాటి గుడ్డ. డెన్వర్ చలికాలం రాత్రుళ్లు నీళ్లు గడ్డకడతాయి. దుప్పట్ల మీద దుప్పట్లు, తలకు టోపీ, ముక్కు ఒక్కటే బయట. చవకగా వస్తాయి, గాలి ఆడుతుంది అని డేరాలతో మొదలుపెట్టారు. డబ్బు వచ్చేకొద్దీ ఇటుక భవనాలు కట్టుకున్నారు. కాలిఫోర్నియాలో డ్యుయార్టీ దగ్గర 1914లో యూదు కార్మికులే పెట్టిన మరో టీబీ శానిటోరియం కూడా రెండు డేరాలతోనే మొదలైంది. అదే ఇవాళ్టి సిటీ ఆఫ్ హోప్ క్యాన్సర్ ఆసుపత్రి.

కోషర్ వంటిల్లు గురించి అంత గొడవ దేనికి?

కోషర్ అంటే యూదుల ఆహార నియమాలు. పంది మాంసం నిషిద్ధం, జంతువును నియమం ప్రకారమే కోయాలి, పాలు మాంసం ఒకే పూట కలపకూడదు, వాటికి గిన్నెలు కూడా వేరువేరు. నేషనల్ జ్యూయిష్ పెద్దలకు ఇవి పాతకాలపు పట్టింపులు. వాళ్ల ఆసుపత్రిలో కోషర్ వంటిల్లు 1920ల దాకా రాలేదు. నిష్ఠగా పెరిగిన రోగికి మాత్రం అది తన సొంతవాళ్ల ఆసుపత్రిలోనే జరిగిన అవమానం. పుట్టినప్పటి నుంచీ మాంసం ముట్టని మనిషికి జబ్బు చేసినప్పుడు "ఇదే ఉంది, తిను" అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. జేసీఆర్‌ఎస్ మొదటి నుంచీ కోషర్ వండింది. స్పివాక్ స్వయంగా నిష్ఠాపరుడేమీ కాదు. రోగి తృప్తిగా తింటేనే కదా ఒంటికి పట్టేది అన్న లెక్క.

రోజంతా పడుకుని ఏం చేసేవారు?

చదివేవారు, వాదించుకునేవారు, రాసేవారు. జేసీఆర్‌ఎస్‌లో సోషలిస్టులు, ప్రభుత్వమే వద్దనే అనార్కిస్టులు, యూదులకు సొంత దేశం కావాలనే జియోనిస్టులు, నిష్ఠాపరులు పక్కపక్క మంచాల మీద ఉండేవారు. ఊపిరి తక్కువైనా వాదనకు తక్కువ లేదు. సంస్థ తరఫున "ది శానిటోరియం" అనే పత్రిక వచ్చేది, రోగులు తమకంటూ "హతిక్వా" అనే పత్రిక నడుపుకున్నారు. హతిక్వా అంటే ఆశ.

యిద్దిష్ సాహిత్యంలో డెన్వర్‌కు చోటుందంటే కారణం టీబీయే. న్యూయార్క్‌లో చొక్కాలకు కాజాలు కుట్టి బతికిన కవి డేవిడ్ ఎడెల్‌స్టాట్ 26 ఏళ్లకు, 1892 అక్టోబరులో డెన్వర్‌లో పోయాడు. యూదుల మొదటి ఆసుపత్రికి పునాదిరాయి పడింది అదే నెల. సైబీరియా ప్రవాస శిక్ష నుంచి తప్పించుకుని అమెరికా వచ్చిన మహాకవి హెచ్. లెయ్విక్ 1930ల్లో జేసీఆర్‌ఎస్‌లో రోగిగా ఉన్నాడు, అక్కడి జీవితం మీద రాశాడు కూడా.

రోగుల పిల్లల్ని ఎవరు చూసేవారు?

తల్లో తండ్రో శానిటోరియంలో ఉంటే పిల్లలు వీధిన పడేవారు. వాళ్ల కోసం 1907లో ఫ్యానీ లార్బర్ ముందుండి డెన్వర్‌లో యూదు పిల్లల ఆశ్రయ గృహం నడిపింది. టీబీ తగ్గేకొద్దీ అది ఉబ్బసం పిల్లల ఆసుపత్రిగా మారింది. 1966లో ఇషిజాకా దంపతులు ఎలర్జీకి మూలమైన ఐజీఈ అనే యాంటీబాడీని కనిపెట్టింది ఆ సంస్థ పరిశోధనశాలలోనే. మీరు ఎప్పుడైనా ఎలర్జీ టెస్టు చేయించుకుని రిపోర్టులో ఐజీఈ అన్న గడి చూసి ఉంటే, దాని వెనుక ఒక అనాథ పిల్లల ఇల్లు ఉంది.

గోల్డా మెయిర్‌కు ఈ ఆసుపత్రితో ఏం సంబంధం?

తర్వాత ఇజ్రాయెల్ ప్రధాని అయిన గోల్డా మెయిర్ అక్క షేనా టీబీకి నేషనల్ జ్యూయిష్‌లో చికిత్స పొంది డెన్వర్‌లోనే స్థిరపడింది. చదువు మాన్పించి పెళ్లి చేయాలని చూస్తున్న తల్లిదండ్రుల నుంచి తప్పించుకుని గోల్డా 1913 ప్రాంతంలో ఆ అక్క ఇంటికి పారిపోయింది. అక్క వంటింట్లో రాత్రుళ్లు చేరే వలసవాళ్లలో చాలామంది టీబీ కోసం వచ్చినవాళ్లే. వాళ్ల వాదనలు వింటూ రాజకీయాలు నేర్చుకుంది, కాబోయే భర్తనూ అక్కడే కలిసింది.

చనిపోయినవాళ్లను ఏం చేసేవారు?

జేసీఆర్‌ఎస్‌లో పోయి, అడిగేవాళ్లు లేనివాళ్లను అదే కోల్‌ఫాక్స్ రోడ్డు మీద ఇంకాస్త పడమరనున్న గోల్డెన్ హిల్ శ్మశానంలో, కొండవాలున పాతిపెట్టారు. ఎక్కువమంది ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్లు. ఆ వాలు ఇప్పుడు అమెరికా చారిత్రక స్థలాల జాబితాలో ఉంది.

## ముగింపు, ఆ తర్వాత

ఇవి ఎందుకు మూతపడ్డాయి?

మందులొచ్చాయి. 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది, 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చింది. పడకలు ఖాళీ అవడం మొదలైంది. 1954లో జేసీఆర్‌ఎస్ పేరు మార్చుకుని క్యాన్సర్ వైపు మళ్లింది. అప్పటికి అర్ధశతాబ్దంలో దాదాపు 10,000 మంది రోగుల్ని చూసింది.

శానిటోరియం అనే ఆలోచనకే ఆఖరి మేకు కొట్టింది మన పక్కనున్న మద్రాసు. 1956లో అక్కడ మొదలైన పరీక్షలో కొంతమంది రోగుల్ని శానిటోరియంలో, కొంతమందిని వాళ్ల ఇరుకిళ్లలోనే ఉంచి అవే మందులిచ్చారు. ఇంటి దగ్గరున్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైందని, ఇంట్లోవాళ్లకు అదనంగా అంటుకోలేదని 1959లో ఫలితాలు వచ్చాయి. మందు సరిగ్గా వేసుకుంటే కొండ గాలి, మెత్తటి పరుపు అక్కర్లేదని తేలిపోయింది.

నేషనల్ జ్యూయిష్ ఇప్పటికీ ఉందా?

ఉంది, అదే చోట. ఇప్పుడు నేషనల్ జ్యూయిష్ హెల్త్ అంటారు, ఊపిరితిత్తుల జబ్బులకు అమెరికాలో పేరున్న ఆసుపత్రి. పాత నినాదం మాత్రం ఇప్పుడు లేదు, అందరిలాగే ఇన్సూరెన్సు అడుగుతారు. టీబీ ల్యాబులో పనిచేసిన తెలుగువాళ్లకు "మిడిల్‌బ్రూక్ 7హెచ్10" అన్న పేరు తెలిసే ఉంటుంది, టీబీ క్రిమిని పెంచే మాధ్యమం. ఆ మిడిల్‌బ్రూక్ ఇక్కడి శాస్త్రవేత్తే.

జేసీఆర్‌ఎస్ స్థలంలో ఇప్పుడేముంది?

ఒక ఆర్ట్ కాలేజీ. పాత ఇటుక భవనాల్లో ఇప్పుడు బొమ్మలు గీయడం నేర్పుతున్నారు. 1926లో కట్టిన చిన్న ప్రార్థనా మందిరం నిలిచే ఉంది. ఆసుపత్రి భూమిలో కొంత భాగంలో 1950ల్లో షాపింగ్ సెంటర్ వచ్చింది. చాలా ఏళ్లు దాని పేరే "జేసీఆర్‌ఎస్ షాపింగ్ సెంటర్". గులాబీ రంగు గోపురం ఉన్న కాసా బొనీటా రెస్టారెంటు అక్కడిదే. అక్కడ క్యూలో నిలబడ్డవాళ్లలో ఆ నాలుగు అక్షరాలు దేనివో తెలిసినవాళ్లు ఎందరో!

మన మదనపల్లె ఆరోగ్యవరం కూడా ఇలాంటిదేనా?

కాలం ఒకటే, పద్ధతి ఒకటే, పుట్టుక వేరు. ఆరోగ్యవరం శానిటోరియం కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టినది. 1915లో తెరిచారు, మొదటి ముఖ్య డాక్టర్ డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్. అక్కడా పొడి గాలి, కాస్త ఎత్తు, వరండాలు, విశ్రాంతి. మా ఇంట్లో పెద్దవాళ్లు ఫలానా ఆయన "మదనపల్లె వెళ్లాడు" అని గొంతు తగ్గించి అనేవారు. జబ్బు పేరు ఎత్తేవారు కాదు, ఊరి పేరు చాలు. డెన్వర్‌కీ అదే గతి పట్టింది. తేడా ఏమిటంటే ఆరోగ్యవరాన్ని బయటివాళ్లు మనవాళ్ల కోసం పెట్టారు, జేసీఆర్‌ఎస్‌ను దగ్గేవాళ్లే తమ కోసం పెట్టుకున్నారు.

పాత రోగుల రికార్డులు దొరుకుతాయా?

జేసీఆర్‌ఎస్‌వి డెన్వర్ విశ్వవిద్యాలయంలోని బెక్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పేరు, వయసు, పుట్టిన ఊరు, పెళ్లయిందా లేదా, అమెరికా వచ్చి ఎన్నేళ్లయింది, ఏం పని చేసేవాడు, ఇలా నమోదు చేసుకున్నారు. తాతముత్తాతల జాడ వెతికే కుటుంబాలు ఇప్పటికీ ఆ జాబితా తిరగేస్తుంటాయి. వృత్తి అన్నచోట మాటిమాటికీ ఎదురయ్యేది దర్జీ.